అరువు మార్కులు

జనవరి 9

చిరంజీవి దోమకు,

మనుషుల నెత్తురు తీసి బతుకుతున్నదానివి, ఇంతకంటే అతికే పేరు నాకు దొరకలేదు. నీ ల్యాబులో వాళ్లు నిన్ను గౌరవంగానే పిలుస్తూ ఉండొచ్చు. ఇక్కడ మాత్రం నువ్వు దోమవే.

మొన్న ఫోను చేశావు. ఎత్తాను. గాలి వీచినట్టు వినిపించింది, పెట్టేశాను. నా చెవుల పని అయిపోయిందని ఎన్నిసార్లు చెప్పను? రాయి. రాస్తే నాలుగుసార్లు చదువుకుంటాను, తప్పులు దిద్దుకుంటాను. ముప్పై మూడేళ్లు లెక్కల పేపర్లు దిద్దిన చెయ్యి ఊరికే ఉండదు. నీ పోయిన ఉత్తరానికి నూటికి అరవై వేశాను, దస్తూరికి కూడా కలిపి.

నాలుగో టీకా వేయించుకున్నాను. చెయ్యి లాగడం తప్ప విశేషం లేదు. రక్తం డాక్టరుది పాత పాటే: "మీ ల్యుకేమియా మెల్లగా నడిచే రకం, మీతోపాటే ముసలిదవుతుంది. కానీ మీ తెల్లకణాలు లెక్కకే ఉన్నాయి, పనికి లేవు. టీకా చెప్పే పాఠం వాటికి ఎక్కదు. మూసిన గదుల్లో మనుషుల మధ్య కూర్చోకండి." నా క్లాసు వెనక బెంచీలవాళ్లంతా ఇప్పుడు నా ఒంట్లో చేరారన్నమాట.

మీ తాతయ్యను చూడటం కిటికీ బయటినుంచే. రెండోసారి పక్షవాతం వచ్చి ఆయన్ని నర్సింగ్ హోంలో చేర్చి పద్నాలుగు నెలలైంది. పద్నాలుగు నెలలుగా నేను వరండా కింద సిమెంటు గట్టు మీద నిలబడి అద్దం మీద వేలితో తడుతున్నాను. మొన్న ఆయన నర్సుతో అన్నారట: "ఆవిడెవరో రోజూ వస్తోంది పాపం, లోపలికి రానివ్వండి." యాభై రెండేళ్లు కాపురం చేసిన మొగుడు నాకోసం సిఫార్సు చేశాడు, మేట్రన్ ఒప్పుకోలేదు.

ఆవిడ ఒక దారి చెప్పింది. యాంటీబాడీ పరీక్ష చేయించుకుని, టీకా నా ఒంట్లో పని చేసిందని కాగితం తెస్తే ఆలోచిస్తుందట. ఇదివరకటి మూడు డోసుల తర్వాతా నువ్వే ఆ పరీక్ష చేసి మూడుసార్లూ సున్నా అన్నావు. ఇప్పుడు మళ్లీ చేయించనా? ఆయనకు నేను పూర్తిగా పరాయిదాన్ని అయ్యేలోపు ఆయన పక్కన కూర్చోవాలి. వేరే కోరికలేవీ మిగల్లేదు, ఉన్నవి కూడా చిల్లరవి.

అమ్మమ్మ


జనవరి 16

అమ్మమ్మా,

అరవై మార్కులకు థాంక్స్. దస్తూరికి నువ్వు ఎప్పుడూ పది వేస్తావు కాబట్టి విషయానికి యాభై అని అర్థమైంది.

పరీక్ష వద్దు. ఎందుకో చెబుతాను, మధ్యలో కోప్పడకు. అది రక్తంలో తిరిగే యాంటీబాడీలను మాత్రమే లెక్కపెడుతుంది. జబ్బును ఎదిరించేవి ఇంకా ఉన్నాయి, టి-కణాలని. వాటిని అది చూడనే చూడదు. సున్నా వచ్చినా ఎంతోకొంత రక్షణ ఉండొచ్చు. పెద్ద అంకె వచ్చినా లేకపోవచ్చు. మా యంత్రం లెక్క ఒకటి, పక్క వీధి ల్యాబు యంత్రం లెక్క ఇంకొకటి. అసలు నీలాంటి జబ్బున్నవాళ్లకు ఎంత వస్తే నిశ్చింతో ఎవరూ తేల్చలేదు. పాస్ మార్కు లేని పరీక్ష, అమ్మమ్మా. అలాంటి పేపరు నీకిస్తే దిద్దుతావా? ఇచ్చినవాడి మొహాన కొడతావు.

కొత్తగా మందులేమైనా ఇస్తున్నారా? పోయిన రెండు ఉత్తరాల్లోనూ అడిగాను. రెండుసార్లూ నువ్వు వాతావరణం గురించి రాశావు. నేను సెలవు పెట్టి రానా? నాలుగు రోజులు నీ పక్కన కూర్చుని వెళ్లిపోతాను.

తాతయ్యకు నా తరఫున కూడా అద్దం మీద తట్టు.

దోమ


ఫిబ్రవరి 6

చిరంజీవి దోమకు,

వాతావరణం బాగుంది.

సెలవు పెట్టావంటే తలుపు తీయను. నాకు జబ్బు తేలిన ఏడాది నాకోసం సెలవులు పెట్టీ పెట్టీ ఒక ఉద్యోగం ఊడగొట్టుకున్నావు. రెండోది కూడా నా నెత్తిన వేయకు.

ఇక అసలు సంగతి. నీ మాట వినలేదు. మూల మీది ల్యాబుకు వెళ్లి రక్తం ఇచ్చాను. అక్కడి దోమకు నీ అంత చెయ్యి తిరగలేదు, మూడుచోట్ల పొడిచింది. మర్నాడు వెళితే కౌంటరు ఆవిడ కాగితం ఇస్తూ "పాజిటివ్ అండీ" అంది. ఈ రోజుల్లో ఆ మాట వింటే జనం పారిపోతారు. నేను కుర్చీలో కూలబడ్డాను.

పన్నెండు వందల నలభై.

పాస్ మార్కు లేదన్నావు. ఉంది. కాగితం కిందే అచ్చువేశారు: సున్నా పాయింటు ఎనిమిది దాటితే యాంటీబాడీలు ఉన్నట్టు. సున్నా పాయింటు ఎనిమిదికే పాసైతే పన్నెండు వందల నలభై అంటే ఏమిటో లెక్కల టీచరుకు ఒకరు చెప్పక్కర్లేదు.

కాగితం పట్టుకుని తిన్నగా మేట్రన్ దగ్గరికి వెళ్లాను. తిరగేసి మరగేసి చూసి, "మీ మనవరాలు ల్యాబులో పని చేస్తుందన్నారు కదా, ఆమెచేత ఒక్క ముక్క రాయించి తెండి, చాలు" అంది. డాక్టరును అడగమని అనలేదు. నేనూ గుర్తుచేయలేదు.

ఒక్క ముక్క రాయి. ఉపన్యాసం వద్దు.

అమ్మమ్మ


ఫిబ్రవరి 11

అమ్మమ్మా!

పన్నెండు వందల నలభై! యంత్రం ముందు నిలబడి చదివాను. కళ్లు తుడుచుకుంటుంటే పక్క బల్ల ఆవిడ ఏదో చెడ్డ వార్త అనుకుని నీళ్లు తెచ్చింది. మూడుసార్లు సున్నా పెట్టిన వెనక బెంచీ వాళ్లు నాలుగోసారికి పాఠం విన్నారన్నమాట!

టపా కట్టేస్తారు, అందుకే నాలుగు ముక్కల్లో. మేట్రన్ గారికి ఇది చూపించు: మా అమ్మమ్మ డిస్టింక్షన్‌లో పాసైంది, దయచేసి లోపలికి రానివ్వండి. మాస్కు మాత్రం తీయకు. తాతయ్య ఏమన్నారో అక్షరం పొల్లుపోకుండా రాయి.

దోమ


ఫిబ్రవరి 27

చిరంజీవి దోమకు,

నీ ఉత్తరం మేట్రన్ రెండుసార్లు చదివి, "సరదా మనిషిలా ఉందే మీ అమ్మాయి" అని రిపోర్టుతో కలిపి పిన్ను కొట్టి ఫైల్లో పెట్టుకుంది. పదిహేనో తేదీ మధ్యాహ్నం మూడింటికి నేను లోపలికి వెళ్లాను.

గదిలో నాలుగు మంచాలు. మీ తాతయ్యది గోడవైపు. కుర్చీ లాక్కుని కూర్చుంటే ఆయన నన్ను చూడలేదు, నా కళ్లజోడు చూశారు. మాస్కు వల్ల అద్దాలకు ఆవిరి పట్టింది. నలభై ఏళ్లు కళ్లజోళ్ల దుకాణం నడిపిన మనిషి ముందు మసక అద్దాలతో కూర్చోవడమంటే, నా ముందు నిలబడి రెండూ రెండూ అయిదు అనడమే. బాగున్న చేత్తో జోడు లాగి, చొక్కా అంచుతో తుడిచి, నా ముక్కు మీద పెట్టారు. నిమిషంలో మళ్లీ మసక. మళ్లీ లాగారు. నాలుగోసారికి "ఇది నా చేతిలోనే పాడైంది" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నేనేం చేయను? మాస్కు తీసేశాను. డిస్టింక్షన్ వచ్చినదాన్ని కదా.

అయిదోసారి తుడిచి పెట్టాక అద్దాలు మసకబారలేదు. ఆయన వెనక్కి వాలి, కొత్త జోడు పెట్టిన ఖాతాదారును చూసినట్టు చూసి, "ఇప్పుడు కనిపిస్తున్నానా?" అన్నారు. కనిపిస్తున్నారన్నాను. చాలాసేపు చూశారు. "ఇంతసేపూ ఎక్కడికెళ్లావు?" అన్నారు.

పదిహేను నెలలకు ఆయన లెక్క "ఇంతసేపు". నేను దిద్దలేదు.

అప్పట్నుంచి రోజూ వెళుతున్నాను. నర్సు పెడితే పళ్లు బిగిస్తారట. నేను పెడితే గిన్నె ఖాళీ. రోజూ గుర్తుపడతారనుకోకు. నిన్న నా చెవిలో నోరు పెట్టి నా మీదే చాడీలు చెప్పారు: "మా ఆవిడ మనిషి మంచిదే కానీ, అమ్మో, ఆ నోరు!" నేను "అవునండీ, నేనూ విన్నాను" అన్నాను. తృప్తిగా నిద్రపోయారు.

గొంతులో అయిదు రోజులుగా గరగర, కాస్త దగ్గు. ఆ గది కర్టెన్లు దులిపి ఏళ్లయినట్టుంది. గుమ్మం దగ్గర రిజిస్టరులో "దగ్గు ఉందా" అని ఒక గడి. వాళ్లడిగేది రోగం దగ్గు గానీ దుమ్ము దగ్గు కాదు కదా అని "లేదు" అని రాస్తున్నాను.

మందుల సంగతి అడిగి అడిగి అలిసిపోయావు. ఇప్పుడు ఒంట్లో బలం ఉందని తేలింది కాబట్టి చెబుతున్నాను. ఊరికే జ్వరాలు పట్టుకుంటున్నాయని డిసెంబరు నుంచి నెలకోసారి ఆసుపత్రిలో నరంలోకి మందు ఎక్కిస్తున్నారు. సీసా మీద ఇమ్యూనోగ్లోబ్యులిన్ అని ఉంది. అయిదు గంటలు కదలకుండా కూర్చోవాలి. ఈ మంగళవారంతో మూడు సీసాలయ్యాయి. ముందే చెబితే వచ్చి పక్కన కూర్చుంటానంటావని చెప్పలేదు.

అమ్మమ్మ


మార్చి 4

అమ్మమ్మా,

ఈ ఉత్తరం చదవగానే నర్సింగ్ హోంకు వెళ్లడం ఆపెయ్యి. నీకు ఫోను వినపడదని కింది వాటా దర్జీ గారికి చేశాను. పైకి వెళ్లి "వెళ్లొద్దంటోంది" అని కాగితం మీద రాసి చూపించమన్నాను. ఎందుకో ఆయనకు అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను.

ఆ సీసాలో ఉన్నవి యాంటీబాడీలే. వేలమంది దాతల రక్తంలోంచి తీసి, ఒక్కచోట కలిపి నింపుతారు. వాళ్లలో చాలామంది టీకాలు వేయించుకున్నవాళ్లు, కోవిడ్ వచ్చి తగ్గినవాళ్లు. నీకు పరీక్ష చేసిన యంత్రానికి ఏవి నీవో ఏవి వాళ్లవో తెలియదు. ఉన్నవన్నీ లెక్కపెట్టి అంకె వేసింది. నీ హాలు టికెట్టుతో ఎవరో వచ్చి పేపరు రాసి వెళ్లారు, అమ్మమ్మా. ఆ మార్కులు నీవి కావు. నీ టీకా పని చేసిందో లేదో ఆ కాగితం ఒక్క ముక్క కూడా చెప్పదు. ఆ అరువు యాంటీబాడీలు నిన్ను కొంత కాపాడొచ్చు. ఎంత కాపాడతాయో తెలియదు, కొన్ని వారాల్లో కరిగిపోతాయి.

తప్పు నీది కాదు. మూడుసార్లు సున్నా వచ్చిన మనిషికి హఠాత్తుగా పన్నెండు వందలు వస్తే, ల్యాబులో కూర్చున్నదాన్ని, నేను ఆగి ఎందుకని అడగాలి. వేరేవాళ్ల రిపోర్టయితే అడిగేదాన్ని. నీది కాబట్టి సంతోషపడ్డాను.

ఆ దగ్గు దుమ్ము వల్ల కాకపోవచ్చు. ఇవాళే ముక్కు పరీక్ష చేయించుకో. నీలాంటివాళ్ల ఒంట్లో ఆ జబ్బు చేరితే తిష్ట వేస్తుంది. నాకు నీ గురించి చాలా భయంగా ఉంది.

దోమ


మార్చి 12

చిరంజీవి దోమకు,

నీ ఉత్తరం ఎనిమిదో తేదీ మధ్యాహ్నం వచ్చింది. మీ తాతయ్య ఆ ఉదయమే పోయారు. ఆ ముక్క దర్జీ గారు నీకు ఫోనులో చెప్పారు, నిన్ను బయల్దేరవద్దని కూడా నేనే చెప్పించాను. మిగతాది నేను రాయాలి.

రెండో తేదీన వెళితే గేటు దగ్గరే ఆపేశారు. ఆయనకు జ్వరం, పరీక్షలో కోవిడ్ తేలింది. నాలుగో తేదీన దర్జీ గారు మెట్లెక్కి వచ్చి "వెళ్లొద్దంటోంది" అన్న కాగితం పట్టుకుని నిలబడ్డారు, రోడ్డు మీద బండ్లను ఆపేవాడిలా. అప్పటికి వెళతానన్నా రానిచ్చేవాళ్లు లేరు. అయిదో తేదీన నాకూ పరీక్ష చేశారు. ఉంది. జ్వరం కూడా రాలేదు నాకు. దగ్గు, అంతే. ఆకలి కూడా చెడలేదు. దానికే సిగ్గుగా ఉంది.

చివరి నాలుగు రోజులూ ఆయన ఏమీ తినలేదట. ఎవరు పెట్టినా పళ్లు బిగించారట. సాగనంపింది నర్సులు. నేను ఇంట్లో తలుపు వేసుకుని కూర్చున్నాను, చట్టప్రకారం.

ఇన్నాళ్లూ నువ్వూ నేనూ డాక్టరూ మేట్రనూ చేరి నా రక్తాన్ని కొలుస్తూ కూర్చున్నాం. ఆయన రక్తాన్ని ఎవరూ కొలవలేదు. ఆయనకు ల్యుకేమియా లేదు, టీకాలన్నీ పడ్డాయి, భయమల్లా నా గురించే. జనం నుంచి నన్ను కాపాడాలనుకున్నారు అందరూ. నా నుంచి ఆయన్ని కాపాడాలని ఒక్కరికీ తట్టలేదు. నీ ఉత్తరంలో కూడా ఎక్కడా లేదు, చూసుకో. నిష్ఠూరం కాదు. నాకూ తట్టలేదు.

ఫిబ్రవరి ఇరవై రెండు నుంచి మార్చి ఒకటి వరకూ, ఎనిమిది రోజులు, ఆ గడిలో "లేదు" అని రాశాను. ఒకప్పుడు పరీక్ష హాల్లో చీటీ పెట్టుకున్న అమ్మాయిని పట్టుకుంటే "ఒక్క ముక్కే కదా టీచర్" అని ఏడ్చింది. మూడేళ్లు పరీక్షకు రాకుండా చేశాను. నేను రాసింది కూడా ఒక్క ముక్కే. దుమ్ము అని నాకు నేను చెప్పుకున్నాను గానీ, దోమా, ఆ కర్టెన్లు అంత దుమ్ముగా లేవు.

ఒంట్లోంచి ఇది పోగానే మేట్రన్ దగ్గరికి వెళ్లి చెబుతాను.

అమ్మమ్మ


మార్చి 17

అమ్మమ్మా,

చదివాను. నువ్వన్నది నిజం, నా ఉత్తరంలో తాతయ్య గురించి ఒక్క మాట లేదు. మూడుసార్లు వెతికాను.

ఎవరినుంచి ఎవరికి వచ్చిందో చెప్పే పరీక్ష ఒకటి ఉంది. పెద్ద ల్యాబుల్లో చేస్తారు. దానికి ఇద్దరి నమూనాలూ కావాలి. ఫోను చేసి కనుక్కున్నాను, తాతయ్యది పారేశారట. ఆ గదిలో ఇంకో ఇద్దరికి కూడా వచ్చిందనీ, వాళ్లలో ఒకాయనకు తాతయ్య కంటే ముందు రోజే జ్వరం వచ్చిందనీ నర్సు చెప్పింది. అది నీ నుంచే తాతయ్యకు వచ్చి ఉండొచ్చు. ఆయన నుంచే నీకు వచ్చి ఉండొచ్చు. ఇక ఎప్పటికీ తెలియదు. ఇది నీకు ఓదార్పో శిక్షో నాకు అర్థం కావడం లేదు.

మేట్రన్‌తో చెప్పకు. చెబితే తాతయ్య తిరిగి రారు. "డిస్టింక్షన్" అన్న మాట రాసింది నేను, ఆ కాగితం ఇంకా ఆవిడ ఫైల్లోనే ఉంది. అడిగితే నన్ను అడుగుతారు, అడగనీ.

ఇక్కడ నేను రోజూ యాభై అరవై రిపోర్టుల మీద అంకెలు వేస్తున్నాను. ఇదివరకు అంకె వేసి పక్కన పెట్టేదాన్ని. ఇప్పుడు ఒక్కోదాని దగ్గర ఆగిపోతున్నాను. పని వెనకబడుతోందని మా ల్యాబు పెద్దాయన విసుక్కుంటున్నాడు.

దోమ


మార్చి 24

చిరంజీవి దోమకు,

నిన్నా మొన్నా రెండు పరీక్షల్లోనూ లేదనే వచ్చింది. ఇవాళ ఉదయం వెళ్లాను.

మేట్రన్ తన గదిలో దుప్పట్లు లెక్కపెడుతోంది. ఎదురుగా కూర్చుని, ఎనిమిది రోజులు దగ్గుతూ వచ్చాననీ, లేదని రాశాననీ చెప్పాను. రిజిస్టరు ఇస్తే కొట్టేసి, నిజం రాసి సంతకం పెడతానన్నాను. దిద్దుబాటు పక్కన సంతకం పెట్టడం నాకు అలవాటైన పనే.

ఆవిడ లేచి తలుపు వేసింది. ఏదో అంది, నాకు వినపడలేదు. గట్టిగా అరిచి చెప్పే మాట కాదు కాబోలు, చీటీ తీసుకుని రాసింది. చేతికిచ్చింది.

"మీరు దగ్గడం నేను విన్నాను. మొదటిరోజే. మీరు రాకపోతే ఆయన తినరని ఊరుకున్నాను."

నేను ఒప్పుకుందామని వెళితే ఆవిడ ఒప్పుకుంది. నేను చదివాక చీటీ వెనక్కి తీసుకుని, కింద ఇంకో వరస రాసింది: "అది మీరు దిద్దితే ఎందుకు రానిచ్చావని నన్ను అడుగుతారు. నామీద ఇంకా ఇరవై ముగ్గురు ఆధారపడి ఉన్నారు." అది కూడా చదివించి, చీటీని చిన్న చిన్న ముక్కలు చేసి జేబులో వేసుకుంది. తర్వాత రిజిస్టరు తెచ్చి నా ముందు తెరిచి పెట్టి, పెన్ను పక్కన పెట్టి, మళ్లీ దుప్పట్లు లెక్కపెట్టుకోసాగింది. నావైపు తిప్పిన ఆ వీపు మాత్రం లెక్కపెట్టడం లేదు, నేనేం చేస్తానా అని చూస్తోంది.

నా దస్తూరిలో ఎనిమిది వరసలు, ఒకదాని కింద ఒకటి, చక్కగా. ముప్పై మూడేళ్లలో తప్పు కనిపించీ దిద్దకుండా లేచిన పేపరు నాకు ఇదొక్కటే. రిజిస్టరు మూసి, పెన్నుకు మూత పెట్టి ఇచ్చాను. ఆవిడ తీసుకుంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

మీ తాతయ్య గదిలో జబ్బుపడ్డ ఆ ఇద్దరిలో ఒకాయన ఇంకా దగ్గుతున్నాడు. వరండాలోకి వినిపించింది, నా చెవులకు కూడా.

నిన్ను నువ్వు తిట్టుకోవడం ఆపు. నీది తొందరపాటు, నాది అబద్ధం. రెంటికీ ఒకే శిక్ష వేసే పద్ధతి ఎక్కడా లేదు. రిపోర్టుల దగ్గర ఆగుతున్నానన్నావు. ఆగు. పెద్దాయన విసుక్కుంటే విసుక్కోనీ.

నాలుగో సీసా ముప్పై ఒకటో తేదీకి జరిపారు. మానేద్దామనుకున్నాను. ఆసుపత్రి నర్సు ఫారం తెచ్చి ముందు పెట్టింది. అడిగాను, దీని బదులు ఇంకేమైనా ఉందా అని. లేదంది. ఎవరో వేలమంది చేతులు చాపి ఇచ్చింది, నామీద నేనే అలిగి ఎవరి మొహాన పారబోయను? సంతకం పెట్టాను.

ఆ ఫారంలో "అయిదు గంటలూ పక్కన ఉండే మనిషి" అని ఒక గడి ఉంటుంది. మూడుసార్లూ "అవసరం లేదు" అని రాశాను. ఈసారి "మనవరాలు" అని రాశాను. నిన్ను అడక్కుండానే రాసేశాను. అది తొమ్మిదో అబద్ధం కాకుండా చూడు.

అమ్మమ్మ